రెండెకరాల ఐదు సెంట్లు 2.5 కాదు: పదుల లెక్క తప్పకుండా ఎలా చేయాలి

కౌలు కాగితం మీద రెండెకరాల ఐదు సెంట్లను 2.5 అని రాస్తే ఏమవుతుందో ముందు చూద్దాం. మక్తా, అంటే పొలం ఆసామికి ఇవ్వాల్సిన కౌలు ధాన్యం, ఎకరానికి ఏడాదికి 30 బస్తాలనుకోండి. అసలు విస్తీర్ణం 2.05 ఎకరాలు, దానికి 61.5 బస్తాలు. 2.5 అని రాస్తే 75 బస్తాలు. తేడా పదమూడున్నర బస్తాలు. గోదావరి డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు కాబట్టి 1,012.5 కిలోలు, పది క్వింటాళ్ల పైమాటే. ఒక్క సున్నా వెయ్యనందుకు కౌలుదారు గాదెలోంచి అంత ధాన్యం పోతుంది.

ఇక్కడ రెండూ ఐదూ సరిగ్గానే ఉన్నాయి. ఐదు కూర్చున్న చోటు తప్పు. మన అంకెల పద్ధతిలో విలువ సగం అంకెది, సగం చోటుది. అందుకని ఏ లెక్కకైనా చోటు ముందు ఖాయం చేసుకుని అంకె తరవాత వెయ్యాలి. కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క అలవాటు కోసమే.

ముందు గళ్లు గియ్యండి

తెల్లకాగితం అడ్డంగా పెట్టుకుని పదకొండు గళ్లు గియ్యండి. ఎడమ నుంచి ఎనిమిది గళ్ల మీద కోట్లు, పది లక్షలు, లక్షలు, పదివేలు, వేలు, వందలు, పదులు, ఒకట్లు అని రాయండి. ఒకట్ల పక్కన లావుగా ఒక చుక్క పెట్టండి. చుక్కకి కుడివైపు మూడు గళ్ల మీద పదోవంతులు, నూరోవంతులు, వెయ్యోవంతులు అని రాయండి. ఇప్పుడు కింది వరసలో కోట్ల నుంచి మొదలుపెట్టి 10⁷, 10⁶, 10⁵, 10⁴, 10³, 10², 10¹, 10⁰, చుక్క దాటాక 10⁻¹, 10⁻², 10⁻³ అని వేసుకోండి.

ఒక గడి ఎడమకి జరిగితే పది రెట్లు, కుడికి జరిగితే పదోవంతు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు దీన్నే ‘స్థానాత్ స్థానం దశగుణం స్యాత్’ అని ఒక్క ముక్కలో చెప్పాడు. పైన చిన్నగా వేసే అంకె ఘాతాంకం. 10³ అంటే పదిని మూడుసార్లు వేసి గుణించడం, అంటే 1 పక్కన మూడు సున్నాలు.

10⁰ ఒకటి ఎందుకయిందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. నియమం అంతే అని చెప్పి వదిలెయ్యకండి. గళ్ల కాగితం మీద వేలు పెట్టి వెయ్యి నుంచి కుడికి నడిపించండి. వెయ్యిని పదితో భాగిస్తే వంద, ఘాతాంకం 3 నుంచి 2. వందని భాగిస్తే పది, ఘాతాంకం 1. పదిని భాగిస్తే ఒకటి, ఘాతాంకం 0. మళ్లీ భాగిస్తే పదోవంతు, ఘాతాంకం సున్నాకి కిందకి దిగి −1. నడక ఎక్కడా తెగలేదు, అందుకే 10⁰ ఒకటి.

ఈ కాగితం మీద ఇంకో సంగతి గమనించండి. అద్దంలో బొమ్మలా పేర్లు జతపడేది ఒకట్ల గడికి అటూ ఇటూ, చుక్కకి కాదు. ఒకట్లకి ఎడమన పదులు, కుడిన పదోవంతులు. వందలకి జోడీ నూరోవంతులు. చుక్కే మధ్య అనుకున్నవాళ్లు కుడివైపు మొదటి గడిని ‘ఒకటోవంతులు’ అనుకుని, అక్కడి నుంచి ప్రతి గడీ ఒకటి తప్పుతారు.

కోటి దాటాక పేర్లకి కొదవ లేదు. భాస్కరాచార్యుడి పట్టికలో అర్బుదం 10⁸, అబ్జం 10⁹, అలా వెళ్లి పరార్ధం 10¹⁷. ఇప్పుడు వాడుకలో ఉన్నది పది కోట్లు, వంద కోట్లు, వెయ్యి కోట్లు, లక్ష కోట్లు. లక్ష కోట్లంటే 10¹², ఎందుకంటే లక్షలో ఐదు సున్నాలు, కోటిలో ఏడు. ఇంగ్లీషు పేపర్లో మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఈ మూడూ కంఠతా ఉండాలి.

పెద్ద సంఖ్య చదవడం

కామాలు లేకుండా 30007050 అని ఉంటే ఎడమ నుంచి చదవబోకండి. కుడి చివర నుంచి మొదట మూడంకెలు విడగొట్టండి, తరవాత రెండేసి: 050, 07, 00, 3. ఇప్పుడు ఎడమ నుంచి కోట్లు, లక్షలు, వేలు అంటూ చదివితే మూడు కోట్ల ఏడు వేల యాభై. లక్షల జంటలో రెండూ సున్నాలే కాబట్టి లక్షల మాటే రాదు. మాట రాకపోయినా ఆ సున్నాలు గళ్లు పట్టుకుని కూర్చోవాలి. అవి లేస్తే మూడు కోట్లు కాస్తా మూడు లక్షలవుతాయి.

మాటల్లోంచి అంకెల్లోకి రాసేటప్పుడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ‘ఇరవై లక్షల ఐదు వేలు’ అని చెక్కు మీద రాయాలంటే ముందు ఖాళీ గళ్లు అనుకోండి: లక్షలకి రెండు, వేలకి రెండు, చివర మూడు. వేల జంటలో ఐదుని 05గా వెయ్యాలి. 20,05,000. జంట నింపకుండా 5 రాసి చివర సున్నాలతో సరిపెడితే 20,50,000 అవుతుంది, నలభై అయిదు వేలు తేడా.

చుక్కకి కుడివైపు

పాయింటు తరవాత అంకెల్ని విడివిడిగా చదవండి. 2.05ని ‘రెండు పాయింట్ సున్నా ఐదు’ అనండి. 2.25ని ‘రెండు పాయింట్ ఇరవై ఐదు’ అనకండి, ‘రెండు పాయింట్ రెండు ఐదు’ అనండి. ఇరవై ఐదు అంటే చెవికి ఐదు కంటే పెద్దగా వినిపిస్తుంది. అందుకే 2.5 కంటే 2.25 పెద్దదని చాలామంది పొరబడతారు. పోల్చేటప్పుడు 2.5 పక్కన సున్నా చేర్చి 2.50 చేసుకుంటే చిక్కే ఉండదు.

ఎకరానికి వంద సెంట్లు కాబట్టి మన భూమి లెక్క దశాంశంలో చక్కగా ఇముడుతుంది. సెంట్లకి ఎప్పుడూ రెండు గళ్లు: 5 సెంట్లు .05, 50 సెంట్లు .50. అర సెంటు ఉంటే మూడో గడి కూడా కావాలి. సెంటున్నర జాగా 0.015 ఎకరం. సెంటుకి 48.4 గజాలు చొప్పున అది 72.6 గజాలు.

ఒక జాగ్రత్త. తెలంగాణలో చుట్టాల పొలం కాగితాలు చూసేటప్పుడు ఈ లెక్క వాడకండి. అక్కడ ఎకరానికి నలభై గుంటలు. అక్కడి కాగితంలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అక్కడ చుక్క కేవలం రెండు కొలతల్ని విడదీసే గీత.

అడుగులు, అంగుళాల దగ్గరా ఇదే పేచీ. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. 11.75 అడుగులంటే పదకొండు అడుగుల ఏడున్నర అంగుళాలు కాదు. అడుగుకి పన్నెండు అంగుళాలు కాబట్టి 0.75ని 12తో గుణించండి, తొమ్మిది వస్తుంది. పదకొండడుగుల తొమ్మిది అంగుళాలు. ఏటిగట్టు మీద ఉండేవాళ్లకి ఒకటిన్నర అంగుళం తేడా చిన్నది కాదు.

పూర్వం మన కొలతలు చాలావరకు రెండు, నాలుగు, పదహారు మీద నడిచేవి. కుంచానికి రెండు అడ్డలు, అడ్డకి రెండు మానికలు, మానికకి రెండు తవ్వలు, తవ్వకి రెండు సోలలు. రూపాయికి పదహారు అణాలు. చేత్తో సగాలు, పావులు చెయ్యడానికి అది సుఖం. కాగితం మీద గుణించడానికి నరకం. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాకే డబ్బు లెక్క ఈ గళ్లలోకి పూర్తిగా దిగింది.

ఘాతాలతో గుణకారం: వరద నీళ్లు

పదుల ఘాతాలు గుణిస్తే ఘాతాంకాలు కూడండి, భాగిస్తే తీసెయ్యండి. 10⁶ × 10⁴ = 10¹⁰. 10¹⁰ ÷ 10⁹ = 10. ముందు సంఖ్యని ప్రామాణిక రూపంలోకి తెచ్చుకోవాలి. అంటే చుక్కకి ఎడమన సున్నా కాని ఒకే ఒక్క అంకె మిగిలేలా చుక్కని జరిపి, ఎన్ని గళ్లు జరిపారో అంత ఘాతాంకం వెయ్యాలి. 86,400లో చుక్క నాలుగు గళ్లు ఎడమకి వెళ్తుంది కాబట్టి 8.64 × 10⁴.

దీన్ని గోదావరి మీదే చేసి చూద్దాం. మొదటి హెచ్చరిక నాటికి బ్యారేజీ నుంచి సముద్రంలోకి వెళ్లేది దాదాపు 10 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. రోజుకి 86,400 సెకన్లు. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, 10³ × 10⁶, అంటే 10⁹.

పది లక్షలు అంటే 10⁶. దాన్ని 8.64 × 10⁴తో గుణిస్తే 8.64 × 10¹⁰ ఘనపుటడుగులు. 10⁹తో భాగిస్తే 86.4 టీఎంసీలు. ఇంత లెక్కలో మీరు నిజంగా చేసింది ఘాతాంకాలు కూడి తియ్యడమే. దీంట్లోంచి ఒక సులువు గుర్తుపెట్టుకోండి: లక్ష క్యూసెక్కులు ఒక రోజు పారితే 8.64 టీఎంసీలు.

1986 ఆగస్టు వరదలో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. అదే ఉద్ధృతి రోజంతా నిలిచిందనుకుంటే 35 × 8.64, అంటే 302.4 టీఎంసీలు. పోలవరం జలాశయం పూర్తి సామర్థ్యం 194.6 టీఎంసీలు. ఒక్క రోజు నీళ్లు ఒకటిన్నర పోలవరాలు! పేపర్లో ‘35 లక్షలు’ అని చదివినప్పుడు తట్టని పరిమాణం ఈ రెండు వరసల లెక్కతో కళ్లకి కడుతుంది.

చిన్నవైపు కూడా చూడండి. ఒక క్యూసెక్కు ఇరవైనాలుగు గంటలు పారితే 86,400 ఘనపుటడుగులు. ఎకరం 43,560 చదరపు అడుగులు. అంటే ఇంచుమించు రెండెకరాల్లో అడుగు లోతు నీళ్లు. బోదెలో, అంటే పొలం కాలవలో, నీటికి వంతులు వేసుకునేటప్పుడు ఇది పనికొస్తుంది.

కూడికకి మాత్రం ఈ నియమం వర్తించదు. 1.2 కోట్లు, 45 లక్షలు కూడాలంటే రెండూ ఒకే గడిలోకి రావాలి. 45 లక్షలు 0.45 కోట్లు, మొత్తం 1.65 కోట్లు. ఘాతాంకాలు వేరైనప్పుడు ముందున్న అంకెల్ని కూడితే వచ్చేది ఏ విలువా కాదు.

కాటా చీటీ, కొబ్బరి ధర

వేబ్రిడ్జి చీటీలో నికర బరువు 12,460 కిలోలు ఉందనుకోండి. క్వింటాలు 10² కిలోలు, చుక్క రెండు గళ్లు ఎడమకి: 124.60 క్వింటాళ్లు. టన్ను 10³, మూడు గళ్లు: 12.46 టన్నులు. పెద్ద కొలతలోకి మారిస్తే సంఖ్య చిన్నదవ్వాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే చుక్క ఎటు జరపాలో తడబడరు.

75 కిలోల బస్తాల్లోకి కావాలంటే చుక్క జరిపితే రాదు, 75 పదుల ఘాతం కాదు. క్వింటాళ్లని 4తో గుణించి 3తో భాగించండి: 166.13 బస్తాలు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. 124.6 × 2,369 = 2,95,177.40 రూపాయలు. నమ్మే ముందు అంచనా కట్టండి: క్వింటాళ్లు సుమారు 1.2 × 10², ధర సుమారు 2.4 × 10³, గుణిస్తే 2.9 × 10⁵ దగ్గర, అంటే దాదాపు మూడు లక్షలు. ముప్పై వేలో, ముప్పై లక్షలో వచ్చిందంటే ఎక్కడో చుక్క జారింది. ఈ అంచనాకి అర నిమిషం పట్టదు, తప్పకుండా చెయ్యండి.

కోనసీమలో కొబ్బరికాయ ధర వెయ్యికి చెబుతారు. వెయ్యి 14,000 అంటే మూడు గళ్లు జరిపి కాయ 14 రూపాయలు.

చెరువుల దగ్గర

పదుల లెక్క డబ్బుగానూ ప్రాణంగానూ కనిపించేది రొయ్యల చెరువుల దగ్గరే, అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

మందు మోతాదు పీపీఎంలో ఇస్తారు, అంటే పది లక్షల్లో ఒక వంతు, 10⁻⁶. నీళ్లలో అది లీటరుకి ఒక మిల్లీగ్రాము. ఘనపుమీటరులో వెయ్యి లీటర్లుంటాయి కాబట్టి ఘనపుమీటరుకి ఒక గ్రాము. ఇలా కట్టండి: విస్తీర్ణం చదరపు మీటర్లలో, లోతు మీటర్లలో గుణిస్తే ఘనపుమీటర్లు. దాన్ని పీపీఎంతో గుణించి వెయ్యితో భాగిస్తే కిలోలు.

ఎకరం 4,047 చదరపు మీటర్లు. 1.2 మీటర్ల నీళ్లకి 4,856 ఘనపుమీటర్లు, అంటే 48.56 లక్షల లీటర్లు. రొయ్యపిల్లని వదలకముందు నీటిని శుద్ధి చెయ్యడానికి 10 పీపీఎం క్లోరిన్ కావాలంటే 48.56 కిలోల క్లోరిన్. బ్లీచింగ్ సంచి మీద క్లోరిన్ 30 శాతం అని ఉంటే 48.56ని 0.30తో భాగించాలి: దాదాపు 162 కిలోల పొడి. 30తో భాగిస్తే కిలోన్నర పొడి వస్తుంది, ఎకరం చెరువుకి అది చల్లినా ఒకటే, చల్లకపోయినా ఒకటే. 0.30తో గుణిస్తే పద్నాలుగున్నర కిలోలు, అదీ చాలదు. కలిసిన సరుకులో కావలసింది కొంతే ఉన్నప్పుడు సరుకు ఎక్కువ పట్టాలి. జవాబు పెరిగిందో లేదో చూసుకోండి.

లోతు అడుగుల్లో కొలిచి అలాగే వేసేస్తే పెద్ద తప్పు. నాలుగడుగులు 1.22 మీటర్లు. 4 అని వేస్తే మందు మూడు రెట్లకి పైగా పడుతుంది.

ఉప్పదనం పీపీటీలో చెబుతారు, అది వెయ్యిలో వంతు, 10⁻³. 15 పీపీటీ అంటే లీటరుకి 15 గ్రాములు, 15,000 పీపీఎం. చివరి అక్షరం ఒక్కటి మారితే వెయ్యి రెట్లు.

నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్‌లో ఘాతాంకం కనబడకుండా దాగి ఉంటుంది. పీహెచ్ 7 అంటే నీటిలో హైడ్రోజన్ అయాన్ల గాఢత లీటరుకి 10⁻⁷ మోల్. 8 అంటే 10⁻⁸. తెల్లవారుజామున 7.8 ఉన్న చెరువు మధ్యాహ్నానికి 8.8 అయిందంటే ‘ఒకటి పెరిగిందిలే’ అనుకోకండి. ఆ గాఢత పదోవంతుకి పడిపోయింది.

ఇక ల్యాబు కాగితం. రొయ్యలకి రోగం తెచ్చే విబ్రియో అనే బ్యాక్టీరియా ఎంత ఉందో చూడటానికి చెరువు నీళ్లు 1 మిల్లీలీటరు తీసి, 9 మిల్లీలీటర్ల శుభ్రమైన ఉప్పునీటిలో కలుపుతారు. మొత్తం పది, అందులో మన నీళ్లు ఒకటి: 10⁻¹. దాన్లోంచి 1 తీసి మరో 9లో కలిపితే 10⁻². తొమ్మిదికి బదులు పది పోస్తే మొత్తం పదకొండవుతుంది. మూడుసార్లు అలా చేస్తే వెయ్యోవంతు కావలసింది 1,331వ వంతవుతుంది, లెక్క నాలుగో వంతు తక్కువ చూపిస్తుంది. నీళ్లలో రోగం ఉన్నా కాగితం మీద తగ్గినట్టుంటుంది.

10⁻² గొట్టంలోంచి 0.1 మిల్లీలీటరు టీసీబీఎస్ ప్లేటు (విబ్రియోని పెంచి చూసే పళ్లెం) మీద పరిచారు, మర్నాటికి 45 కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపుగా పెరిగిన చుక్కలు, లేచాయనుకోండి. పలచన వల్ల 10² రెట్లు, పరిచింది పదోవంతు మిల్లీలీటరే కాబట్టి మరో 10 రెట్లు. 45 × 10³, అంటే మిల్లీలీటరుకి 4.5 × 10⁴. ఆ 0.1ని మరిచిపోతే 4.5 × 10³ అని రాస్తారు, రైతు ధీమాగా ఇంటికెళ్తాడు. ప్లేటు మీద 30 నుంచి 300 లోపు కాలనీలున్నదాన్నే లెక్కకి తీసుకోవాలి.

ఆ రిపోర్టు వాట్సాప్‌లో టైపు చేసి పంపినప్పుడు పైనున్న చిన్న అంకె కిందకి దిగిపోయి ‘4.5 × 104’ అయిపోతుంది. నూట నాలుగు కాదది, పది ఘాతం నాలుగు. అనుమానం వస్తే కాగితం ఫొటో తెప్పించుకోండి. మీరు పంపేవాళ్లయితే ‘45 వేలు’ అని మాటల్లో కూడా రాయండి.

కాలిక్యులేటరు, కంప్యూటరు

తెర మీద సంఖ్య మధ్యలో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం వస్తే, దాని వెనకున్నది పది ఘాతాంకం. 2.83 ఈ 10 అంటే 2.83 × 10¹⁰. ఒక టీఎంసీని లీటర్లలోకి మారిస్తే వచ్చే సంఖ్య అదే, 2,830 కోట్ల లీటర్లు. ‘ఎక్స్‌ప్’ మీట నొక్కితే ‘పది ఘాతం’ అనే మాట అందులోనే ఉంటుంది. 5 × 10⁴కి 5, ఎక్స్‌ప్, 4 నొక్కితే చాలు. మధ్యలో మళ్లీ 10 కొడితే పది రెట్లు పెరుగుతుంది.

ఎక్సెల్‌లో బ్యాంకు ఖాతా నంబర్లు ఎక్కించేవాళ్లు ముందు ఆ నిలువు వరసని టెక్స్టుగా మార్చుకోండి. అది పదిహేను అంకెల వరకే సంఖ్యగా దాచుకుంటుంది, పదహారో అంకె సున్నా అయిపోతుంది. తరవాత టెక్స్టుగా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు.

ఈ మూడూ గళ్ల కాగితం మీద చేసి చూడండి. మూడెకరాల ఎనిమిది సెంట్లకి ఎకరానికి 28 బస్తాల చొప్పున మక్తా ఎంత? 13 లక్షల క్యూసెక్కులు పన్నెండు గంటలు పారితే ఎన్ని టీఎంసీలు? అరెకరం చెరువులో మీటరు లోతు నీటికి 3 పీపీఎం మందు ఎంత?

జవాబులు: 86.24 బస్తాలు, 56.16 టీఎంసీలు, 6.07 కిలోలు. ఆ చివరిదాన్ని తూచేటప్పుడు ఆరు కిలోల డెబ్బై గ్రాములు తూచండి, ఏడు గ్రాములు కాదు.